కొబ్బరికాయ జోడు

కుస్తీ పట్టేవాడి చెవులు మాడిన గారెల్లా ఉన్నాయని మా ఊళ్ళో ఎవరైనా అనొచ్చు. ముక్కు వంకరపోయిందనొచ్చు, కుండెడు తింటాడనొచ్చు. నవ్వి ఊరుకుంటాడు. వీపు మాట మాత్రం ఎత్తకూడదు. గోదాలో రెండు భుజాలతో సహా వీపు మన్నుకు ఆనిందంటే ఆ మనిషి ఓడిపోయినట్టు. తలంటుకున్నా, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నా ఆ మన్ను చాలాకాలం వదలదు. నా వీపు గురించి ఊరంతా మాట్లాడుకున్న సంగతి చెప్పాలని కూర్చున్నాను. ఇష్టమై చెప్పడం లేదు. నేను చెప్పకపోతే వేరేవాళ్ళు ఇంతకంటే అన్యాయంగా చెబుతారు.

ఆలేరులో రైలు దిగి ఆటో ఎక్కితే మా ఊరు. మా ఎల్లమ్మ జాతరలో ఎండ కాస్త వాలాక కుస్తీలు మొదలవుతాయి. ముందు కొబ్బరికాయ జోళ్ళు. కొత్తగా లంగోటా కట్టినవాళ్ళు, మీసాలు సరిగ్గా రానివాళ్ళు ఇద్దరిద్దరు దిగుతారు. గెలిచినవాడి చేతిలో ఒక కొబ్బరికాయ పెడతారు. అక్కడి నుంచి జోడు జోడుకూ బహుమతి పెరుగుతూ పోయి, పొద్దుగూకే వేళకు చివరి జోడు వస్తుంది. దానికి వెండి కడెం. ఆ కడెం జోడుకు ఎవడు పడితే వాడు నిలబడటానికి లేదు. పోయిన జాతర నుంచి ఈ జాతర దాకా ఎక్కడా వీపు ఆననివాడే అడగాలి. ఆనినవాడు ఎంత పెద్ద పహిల్వానైనా సరే, మళ్ళీ కొబ్బరికాయ దగ్గర నుంచి మొదలుపెట్టాలి. ఈ కట్టడి ఎవరు పెట్టారో తెలీదు. అందరికీ నోటికి వచ్చు.

ఇంకో కట్టడి ఉంది. దాన్ని ఎవరూ పైకి అనను కూడా అనరు. ముందే మాట్లాడుకుని కావాలని పడ్డవాడు ఇక జన్మలో మా గోదాలో కాలు పెట్టకూడదు. వాడు దిగితే డప్పు మోగదు. నా చిన్నప్పుడు బాపు అలాంటివాణ్ణి ఒకణ్ణి చూపించాడు. అంగట్లో ఉల్లిగడ్డలు అమ్ముకుంటున్న పెద్దమనిషి. 'గాయన వీపు అమ్ముకున్నడు' అన్నాడు బాపు, ఆయనకు వినపడేట్టే. ఆయన తల ఎత్తకుండా ఉల్లిగడ్డలు తూచాడు. మేమూ ఆయన దగ్గరే కొన్నాం, ఆ రోజు అంగట్లో అవే మంచివి.

మాది మగ్గం ఇల్లు. అమ్మ ఆసు పోసేది. రోజంతా చీలల మీదుగా దారాన్ని అటూ ఇటూ తీసుకుపోతూ ఉంటే ఆమె కుడి భుజం మగవాడి భుజంలా గట్టిపడింది. ఆమె చేయి నొచ్చినప్పుడు నేను కూర్చునేవాణ్ణి. నా భుజాలు అక్కడే తయారయ్యాయి గానీ బాదంపప్పులతో కాదు. కుస్తీ నేర్చుకునే తాలీంలో సాము చేసేటప్పుడు కాపోళ్ళ పోరగాళ్ళు 'మీరు నూలు గుంజుతరు గని మనుషుల్ని ఏం గుంజుతరు?' అని ఎకసెక్కాలాడేవాళ్ళు. బాపు కూడా కుస్తీ పట్టినవాడే. ఆయన నవ్వుతూ 'జర చెయ్యి ఇయ్యి బిడ్డా, గుంజి చూపిస్త' అనేవాడు. చెయ్యి ఇచ్చినవాడు మళ్ళీ ఆ మాట అనేవాడు కాదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో మా జాతరలో కడెం నాకు వచ్చింది. అప్పటికి బాపు లేచి నిలబడలేకపోతున్నాడు. మంచంలోనే కడెం చేతిలో పెట్టించుకుని, బరువు చూస్తున్నట్టు కాసేపు పట్టుకుని, 'నీ చేతికే వదులైంది, జర తిను' అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకున్న మాట అదొక్కటే. ఆ తర్వాత జాతర జాతరకూ తిరిగాను. తిరుమలగిరి వైపు ఎర్రదుబ్బ, పాలమూరు వైపు నల్లరేగడి. రేగడి గోదా ఒంటికి అంటితే ఒక పట్టాన వదలదు. అక్కడికి సరిహద్దు దాటి కన్నడం మాట్లాడే పహిల్వాన్లు వచ్చేవాళ్ళు. గెలిచాను, కొన్నిచోట్ల ఎవరూ పడక బరాబర్ అన్నారు, ఒకసారి ఓడి మా ఊళ్ళో మళ్ళీ కొబ్బరికాయ నుంచి మొదలుపెట్టాను కూడా. అది తప్పు కాదు. కుస్తీ అన్నాక ఎవడో ఒకడు పడాలి.

నా భార్య పాలమూరు వైపు మగ్గం ఇంటి పిల్ల. పెళ్ళైన కొత్తలో నన్ను చూసి 'నన్ను లేపుతవు గని నాడె లేపుతవా?' అని అడిగింది. నాడె అంటే మగ్గం మీద పేకనూలు మోసే చిన్న ముక్క. నా చేతిలో అది నిలిచేది కాదు. ఆమె చేతిలో దానికి రెక్కలొచ్చేవి. కడెం గెలిచినవాడి తలకు కట్టే రుమాల మా వాడకట్టు నుంచే పోవాలి. ఆమె వచ్చినప్పటి నుంచి అది ఆమే నేస్తోంది, తెల్లనూలుకు ఎర్రంచు. నేను గెలిచిన ఏడాది ఆ రుమాల తిరిగి మా ఇంటికే వచ్చేది. 'గింత దానికి ఊరంత తిరిగి రావాల్నా? ఇంట్లనే ఇస్తుంటి గదా' అనేది. లోపల మాత్రం మహా గర్వం. నాకు తెలుసు.

జాతర్లు ఏడాది పొడుగునా ఉండవు. ఎండలు ముదిరాక పహిల్వాన్‌కు పని లేదు, ఆకలి మాత్రం ఉంటుంది. అలాంటప్పుడు, జనానికి కుస్తీ ఆటలు ఆడి చూపించే ఒక కంపెనీ సార్ పాలమూరు జాతరలో నన్ను చూసి, షాద్‌నగర్ రమ్మన్నాడు. ఫ్యాక్టరీల మధ్య ఒక రేకుల షెడ్డు. లోపల నాలుగు మూలల స్తంభాలు, మోకులు, నడుమ చెక్కలు పరిచి పైన రెగ్జిన్ కుట్టిన బల్ల. హైదరాబాద్ పాతబస్తీ నుంచి వచ్చిన ఒక ముసలి ఉస్తాదు నేర్పేవాడు. నేను లంగోటా బిగించి పట్టు పట్టబోతే ఆయన చేతులు అడ్డం పెట్టాడు.

'ఠహర్ పహిల్వాన్. ముందుగాల పడుడు నేర్సుకో.'

'నేను ఇన్నేండ్ల సంది పడకుండ ఉండుడు నేర్సుకున్న ఉస్తాద్' అన్నాను.

'గదంత మర్సిపో. వీపు పూరా పెట్టాలె. చెయ్యి కొట్టు, ఆవాజ్ రావాలె.'

గడ్డం ఛాతీకి ఆనించాలి. ఊపిరి వదిలేయాలి. వీపు తగిలే క్షణానికే రెండు అరచేతులూ బల్లను కొట్టాలి. దెబ్బ చేతుల్లోకి కొంత పంచుకుపోతుంది, చప్పుడు జనంలోకి పోతుంది. నిజంగా పడేవాడి చేతులు అలా కొట్టవు. అవి ఎదుటివాడి మెడ కోసం, నడుము కోసం వెతుకుతాయి, పక్కకు దొర్లడానికి మన్ను కోసం వెతుకుతాయి. కొట్టే చేతికి ముందే అంతా తెలిసి ఉంటుంది. నాకది పట్టుబడటానికి చాలాకాలం పట్టింది. వీపు ఆనబోతుందనగానే ఒళ్ళు దానంతటదే మెలి తిరిగిపోయేది. 'నీ ఒంట్ల పాము ఉన్నదా?' అని ఉస్తాదు విసుక్కునేవాడు. చివరికి ఒకరోజు సరిగ్గా పడ్డాను. షెడ్డంతా మోగింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

అయినా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది చెక్క, మన్ను కాదు. పైగా నాకు నల్ల ముసుగు తొడిగారు. నేను చెడ్డవాణ్ణి. మోకుల వెనక నుంచి కుర్చీ తెచ్చి మంచివాణ్ణి కొట్టాలి, జనం బూతులు తిట్టాలి, ఆఖర్న మంచివాడు నన్ను ఎత్తి వేయాలి. ఆ ముసుగు లోపల ఉన్నది ఎవరో మా ఊళ్ళో ఎవరికీ తెలీదు. జాతర నాడు ముసుగు తీసి వచ్చి కడెం జోడులో నిలబడేవాణ్ణి. నిజం తెలిసింది నా భార్యకే. 'మొఖానికి ముసుగు ఏసిన్రు, మరి వీపుకు ఎయ్యలే?' అంది ఒకసారి నూలు కండె చుట్టుకుంటూ. నాకు ఒళ్ళు మండింది. అన్నం ముందు నుంచి లేచిపోయాను. తర్వాత ఆలోచిస్తే ఆమె అన్నదాంట్లో తప్పేమీ కనపడలేదు. అందుకు ఇంకా మండింది.

ఆ కంపెనీ ఎంతోకాలం నడవలేదు. ఒకరోజు పోయేసరికి షెడ్డు ఖాళీ. స్తంభాలు, మోకులు, బల్ల అన్నీ లారీలో వేసుకుని సార్ ఎటో వెళ్ళిపోయాడు. ఇంకో కంపెనీ వచ్చింది. వీళ్ళవి పెద్ద లైట్లు, పొగ వదిలే మిషన్లు. పాలమూరు ఫంక్షన్ హాళ్ళలో, తిరుమలగిరి అంగడి మైదానంలో ఆటలు పెట్టారు. వడ్లు ఆరబోసిన పక్కనే బల్ల వేసి, నా మీదికి ఎగిరి దూకే పిల్లగాళ్ళను తెచ్చారు. ఒకడు నన్ను ఎత్తి వేస్తూ, తొందరపడి సగంలో చెయ్యి వదిలేశాడు. నేను తలకిందులుగా దిగాను. ఆ చప్పుడుకి జనం ఈలలు వేశారు. నా మెడలో ఎండుపుల్ల విరిగినట్టు అయింది. ఆట ఆగలేదు. నేను లేచి, నాకు రాసిపెట్టిన ఓటమి కూడా పూర్తిచేసి, అప్పుడు దవాఖానకు పోయాను.

అప్పటి నుంచి ఎడమచేతి చివరి వేళ్ళు మొద్దుబారాయి. దారం పట్టుకుంటే ఉందో లేదో తెలీదు. డాక్టరు బరువులు ఎత్తొద్దన్నాడు. మనుషుల సంగతి నేను అడగలేదు. తర్వాత కరోనా వచ్చి హాళ్ళన్నీ మూతపడ్డాయి. ఆ కంపెనీ రెగ్జిన్ పట్టా ఎవరో రైతు కొని వడ్ల కుప్ప మీద కప్పాడని విన్నాను. నేను పడ్డ జాగా మీద వడ్లు తడవకుండా ఉన్నాయంటే ఏదో ఒక పని జరిగిందని నవ్వుకున్నాను. ఆ రోజుల్లో నవ్వడానికి దొరికింది అదే. మగ్గాలు కూడా ఆగిపోయి మా వాడకట్టు చప్పుడు లేకుండా పడి ఉండేది. జాతర పెట్టలేదు. నేనూ నా భార్యా గడపలో కూర్చుని వీధి చూసేవాళ్ళం.

కరోనా తగ్గాక వచ్చిన మూడో కంపెనీ అసలు కంపెనీయే కాదు. నలుగురు పిల్లగాళ్ళు, ఒక కెమెరా. మళ్ళీ షాద్‌నగర్‌లోనే, మళ్ళీ ఒక షెడ్డు. జనం ఉండరు, తీసి ఫోన్లలో పెడతారు. నాకు ఇచ్చిన వేషం పాతకాలపు ఉస్తాదుది. సన్నగా కడ్డీలా ఉన్న ఒక కుర్రాడు వచ్చి నన్ను సవాలు చేస్తాడు, నన్ను పడేస్తాడు, నేను ఏడుస్తాను. 'ముసుగు పెట్టుకుంట' అన్నాను. 'వద్దు అంకుల్, ఫేస్ కనపడాలి, ఏడుపు కనపడాలి' అన్నారు. మెడ బాగా లేనివాణ్ణి వేరే ఎవరూ పిలవడం లేదు. ఒప్పుకున్నాను. మంచిగా పడ్డాను, అది ఒప్పుకోవాలి. నా బతుకులో అంత నిండుగా ఎప్పుడూ పడలేదు. ఏడుపు కూడా వాళ్ళు అడిగినదానికంటే ఎక్కువే వచ్చింది.

ఆ వీడియో ఎంత దూరం పోయిందో నాకు తెలీదు. జాతరకు ముందు గోదా తవ్వే రోజున తెలిసింది. ఆ రోజు పహిల్వాన్లందరం కలిసి మన్ను గుల్ల చేసి, నూనె, మజ్జిగ, పసుపు కలుపుతాం. నేను పార పట్టుకుని పోయేసరికి జాతర పెద్దలు వేపచెట్టు నీడన కుర్చీలు వేసుకుని ఒక ఫోన్ చుట్టూ తలలు పెట్టి ఉన్నారు. అందులో నా ఏడుపు వినపడుతోంది. పెద్దపటేలు నన్ను చూసి ఫోన్ ఆపలేదు. ఆయన బాపుతో కలిసి తాలీం చేసినవాడు, నన్ను భుజాన ఎక్కించుకుని జాతర తిప్పినవాడు.

'గిది నువ్వేనా?' అన్నాడు.

'నేనే పటేలా.'

'వీపు ఆనింది గదరా.'

'గది చెక్క పటేలా. మన్ను కాదు.'

పక్కనున్న ఇంకో పెద్దాయన, ఏ పంచాయితీకైనా ముందుండే మనిషి, గొంతు సవరించుకున్నాడు. 'చెక్క యాడికెల్లి వచ్చింది? చెట్టుకెల్లి. చెట్టు యాడికెల్లి వచ్చింది? మన్నుకెల్లి' అన్నాడు. ఇద్దరు ముగ్గురు తలలూపారు. వేరే రోజైతే నేనే పగలబడి నవ్వేవాణ్ణి. చెక్క మన్నా కాదా అని వాళ్ళు చాలాసేపు వాదించుకున్నారు. చివరికి పెద్దపటేలు చెయ్యెత్తి అందరినీ ఆపాడు.

'గదంత ఒద్దు. నువ్వే చెప్పు. నిజంగనే పడ్డవా, మాట్లాడుకోని పడ్డవా?'

పారలు ఆగిపోయాయి. ఆయన అడిగినదాంట్లో కోపం లేదు. నన్ను కాపాడదామనే అడిగాడనుకుంటాను. అది నాటకం అని నేను అంటే ఆ కడ్డీలాంటి కుర్రాడి చేతిలో ఓడిన సిగ్గు పోతుందని ఆయన ఆశ. కానీ ఆ మాట నా నోటి నుంచి వచ్చిన మరుక్షణం నేను ఉల్లిగడ్డలు అమ్ముకునే ఆ పెద్దమనిషిని అయిపోతాను. ఇది వేషం, అది కుస్తీ అని విడదీసి చెప్పడానికి వాళ్ళ దగ్గర మాట లేదు. నా దగ్గరా లేదు. అక్కడ ఉన్నవి రెండే: పడటం, వీపు అమ్ముకోవడం.

'నిజంగనే పడ్డ' అన్నాను.

'గా పోరడు గింత లేడు గదరా' అన్నాడు పెద్దపటేలు మెల్లగా. ఎవరో నాలుక చప్పరించారు. వయసైందిలే అని ఇంకెవరో అన్నారు. వాళ్ళు జాలిపడుతుంటే నేను పార తీసుకుని మన్ను కలపడానికి పోయాను. ఇక నాకు కడెం జోడు లేదు. కావాలంటే కొబ్బరికాయ నుంచి రావాలి.

ఇంట్లో నా భార్య ఆ ఏటి రుమాల నేస్తోంది. సంగతి విని నాడె పక్కన పెట్టేసింది. 'పోకు. కొబ్బరికాయనే కావాల్నంటే అంగట్ల దొరుకుతయి, నేను తెచ్చిస్త. మెడ పోతే ఎవడు తెచ్చిస్తడు?' అంది. ఎందుకు పోవాలనుకుంటున్నానో చెప్పకుండా పాత లంగోటా తీసి దులిపాను. ఆమెకు అర్థం కాదని కాదు, అర్థమవుతుందనే భయం. నాకు కడెం మీద ఆశ పోయి చాలాకాలమైంది. నాకు కావాల్సింది ఒకటే. ఇంకొక్కసారి మా ఊరి చివరి జోడులో నిలబడి, గెలిచో ఓడో, బాపు మొక్కినట్టు మన్నుకు మొక్కి బయటికి రావాలి. ఫోన్లో ఏడుస్తూ కాదు. దానికి ఈ ఏడు కొబ్బరికాయ గెలిస్తేనే పై ఏడు దారి. పై ఏటికి ఈ మెడ మాత్రం ఎంత మిగులుతుంది?

జాతర నాడు ఎండ ఇంకా తగ్గకముందే లంగోటా కట్టుకుని కొబ్బరికాయ వరసలో కూర్చున్నాను. నా పక్కన ఉన్నవాళ్ళ ఒంటి మీద వెంట్రుకలు కూడా సరిగ్గా లేవు. నా ఛాతీ మీదివి తెల్లబడ్డాయి. జనం నవ్వలేదు. నవ్వితే బాగుండేది. మైకులో 'పహిల్వాన్‌తో జోడు ఎవరు?' అని అడిగారు. వరసలో ఎవడూ లేవలేదు. అప్పుడు జనంలో నుంచి ఒకడు చొక్కా విప్పుతూ వచ్చాడు. మా వెనక వాడకట్టు కాపు కుర్రాడు. సరుకులు మోసే డీసీఎం బండి నడుపుతాడు, పొద్దున్నే తాలీంకు వస్తాడు. పాతికేళ్ళ లోపు, ఎద్దులా ఉంటాడు. కిందటేడు వెండి గిన్నె జోడులో ఓడినవాడు, కాబట్టి వాడికీ కొబ్బరికాయే. వరసకు నన్ను మామా అంటాడు.

చేతులు కలిపాం. వాడి పట్టు తగలగానే నా పని అయిపోయిందనుకున్నాను. ఆ బలం ముందు నేను చాలను. వాడు ఒక్కసారి నా మెడ మీద చెయ్యి వేసి కిందికి నొక్కితే చాలు. వేయలేదు. వాడి చెయ్యి మెడ దాకా వచ్చి, భుజం మీదికి జారిపోయింది. చెమటకు జారిందనుకున్నాను. ఇంకోసారీ అలాగే జారింది. నాలో ఏదో లేచింది. పాత రోజుల్లో బాపు నేర్పిన కాలిమెలిక ఒకటుంది. ఎదుటివాడి బరువు ముందుకు వచ్చేదాకా ఆగి, లోపలి నుంచి కాలు వేసి తిప్పాలి. వేశాను. నిజం చెబుతున్నాను, వేసేటప్పుడు నేను బతికి ఉన్నాననిపించింది.

వాడు లేచాడు. అంత మనిషి, దూది మూటలా లేచాడు. లేచి, గాల్లో గడ్డం ఛాతీకి ఆనించుకుని, వీపంతా పరిచి పడ్డాడు. పడుతూ రెండు అరచేతులతో మన్నును కొట్టాడు.

జనం అరుపుల్లో, డప్పుల్లో ఆ చప్పుడు ఎవరికి వినపడుతుంది? నాకు వినపడింది. మా గోదాలో ఇన్నేళ్ళలో ఎవడూ చేత్తో మన్నును కొట్టలేదు. వాడి పక్కన మెత్తటి దుబ్బలో అటొకటి, ఇటొకటి అరచేతుల ముద్రలు, వేళ్ళతో సహా. తల ఎత్తితే ఆడవాళ్ళ వరసలో నా భార్య కనపడింది. ఆమె నన్ను చూడటం లేదు, ఆ ముద్రలనే చూస్తోంది. నేను మన్నుకు మొక్కుతున్నట్టు వంగి వాటిని చెరిపేశాను. ఎవరైనా చూస్తే ఆ కుర్రాడికి ఈ ఊళ్ళో డప్పు మోగదు. నా కోసం కూడా చెరిపాను.

పెద్దపటేలు కొబ్బరికాయ నా చేతిలో పెట్టాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. 'మీ బాపు ఉంటే సంబురపడుతుండె. పై ఏడు కడెం జోడుల నిలబడు' అన్నాడు. నేను తల ఊపాను. ఇంటికి వచ్చి కొబ్బరికాయను దర్వాజ పక్క గూట్లో పెట్టాను. నా భార్య దాని వంక చూడకుండా పొయ్యి వెలిగించింది. ఆ కుర్రాడి మీద పట్టరాని కోపం వచ్చింది. నా మీద జాలిపడ్డాడు. ముసలోడు, మెడ విరిగినోడు, పోనీలే అని వీపు దానం చేశాడు. పొద్దున్నే వాడి ఇంటికి పోయి చెంప పగలగొట్టాలని నిశ్చయించుకున్నాను.

నాకు ఆ పని పడలేదు. పొద్దున్నే వాడే వచ్చాడు. స్నానం చేసి, తల దువ్వుకుని, గడపలో చెప్పులు విడిచి లోపలికి వచ్చి కూర్చున్నాడు. నా భార్య మగ్గం మీద ఉంది. వాడు కాసేపు చేతులు నలుపుకున్నాడు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను. తల ఎత్తినప్పుడు మొహం వెలిగిపోతోంది.

'మామా, మంచిగ పడ్డనా?' అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు.

'నీ వీడియో చూసి చూసి నేర్సుకున్న మామా. బాయికాడ వరిగడ్డి ఏసుకోని రోజు పడుతున్న. చెయ్యి గూడ నీ లెక్కనే కొట్టిన. ఎవ్వరు గుర్తువట్టలే, నువ్వు గుర్తువడ్తవని నాకెరుకే. షాద్‌నగర్‌ల వాళ్ళకు జర చెప్పరాదు మామా, నన్ను పెట్టుకుంటరేమో. బండి మీద ఎన్నొద్దులు తిరగాలె?'

మగ్గం చప్పుడు ఆగిపోయింది. వాడు నా మీద జాలిపడలేదు. జాలిపడినా బాగుండేదని అప్పుడు తెలిసింది. మా ఊరి మన్నులో, బాపు నిలబడిన మన్నులో, వాడు నాకు తన పనితనం చూపించుకున్నాడు. తను చేసింది తప్పని వాడికి తట్టనే లేదు. తట్టేలా చెప్పాల్సినవాణ్ణి నేనే. ఉల్లిగడ్డల పెద్దమనిషి సంగతి చెప్పాలి. గట్ల చేయొద్దు బిడ్డా అనాలి. వాడు నా నోటి వంక చూస్తూ కూర్చున్నాడు, ఒకప్పుడు నేను పాతబస్తీ ఉస్తాదు వంక చూసినట్టే.

'చెయ్యి జర ముందుగాల కొట్టినవ్. వీపూ చెయ్యీ ఒక్కపారే పడాలె' అన్నాను.

వాడు సంతోషంగా లేచి నా కాళ్ళు మొక్కాడు. నా భార్య మగ్గం గుంటలోంచి పైకి వచ్చి, గూట్లోని కొబ్బరికాయ తీసి వాడి చేతిలో పెట్టింది. 'గిది నీదే బిడ్డా, తీస్కపో' అంది. వాడు దాన్ని దీవెన అనుకుని కళ్ళకు అద్దుకుని పోయాడు. ఇప్పుడు షాద్‌నగర్‌లోనే ఉన్నాడు. ముసుగు ఇచ్చారట.

తర్వాతి జాతరకు నా భార్య నేసిన రుమాల ఆమే తీసుకుపోయింది. కడెం జోడుకు మైకులో నన్ను పిలవడం ఇంట్లోకి స్పష్టంగా వినపడింది. పిలిచి, కాసేపు ఆగి, మళ్ళీ పిలిచారు. డప్పులు కూడా నా కోసం ఆగాయి. నేను ఖాళీ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. ఆమె తిరిగి వచ్చాక, 'అడిగిన్రు. మెడ నొస్తాందని చెప్పిన' అంది. అబద్ధమేమీ కాదు, మెడ నొస్తూనే ఉంది. మా ఊరి లెక్కలో నా వీపుకు ఇప్పుడు ఏ మచ్చా లేదు. అందుకే పోలేకపోయాను.